32 డిగ్రీలు తిరిగిన పన్ను, అదే షీట్, వేరే ఆకారం: ఒక అలైనర్ కేసు

అలైనర్ అంటే పళ్లని కొద్దికొద్దిగా జరపడానికి వాటి మీద తొడిగే పారదర్శక ప్లాస్టిక్ తొడుగు. ఎనిమిదో అలైనర్ పెట్టుకుని వచ్చిన రోజు ఈ పేషెంట్, ఆమె నోరు తెరవగానే తేడా కనిపించింది. పై దవడలో కుడివైపు, కోరపన్నుకు ముందుండే చిన్న పన్ను అంచుకీ ప్లాస్టిక్‌కీ మధ్య దాదాపు 1 మి.మీ. ఖాళీ ఉంది. కింది దవడ ఎడమవైపు రెండో ప్రీమోలార్ (కోరపన్నుకీ పెద్ద దవడ పళ్లకీ మధ్య ఉండే పన్ను) మీద అతికించిన అటాచ్‌మెంట్, అంటే అలైనర్ పట్టుకోవడానికి పంటి మీద పెట్టే చిన్న బొడిపె, తన గూట్లో కూర్చోనేలేదు, గూడు ఒక పక్క ఉంటే అది ఇంకో పక్క ఉంది. దీన్నే మేము ట్రాకింగ్ పోయింది అంటాం, అంటే అలైనర్ ముందుకు వెళ్లిపోయింది, పన్ను వెనకే ఆగిపోయింది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారండీ?" అని. ఆమె ఏమీ అనకుండా ఫోన్ తీసి చూపించారు, రోజు రోజుకీ రాసుకున్నారు, సగటున 21 గంటలు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "తినేటప్పుడు, బ్రష్ చేసేటప్పుడు తప్ప తీయడం లేదు డాక్టర్ గారూ. వెనక పళ్ల దగ్గర టక్కుమని లేస్తోందని పోయినసారే చెప్పాను కదా." నిజమే, చెప్పారు. కేసు షీట్‌లో నేను రాసుకున్నాను కూడా, కానీ దాని పక్కన "చ్యూయీలు ఎక్కువసేపు కొరకమని చెప్పాను" అని రాసి వదిలేశాను (చ్యూయీ అంటే అలైనర్ సరిగ్గా కూర్చోవడానికి కొరికే మెత్తటి చిన్న ముక్క). ఆ టక్కుమనే శబ్దమే మొత్తం సమస్యని చెబుతోందని ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే తప్పు అలైనర్ ఆకారంలో ఉంటే మనం మొదట అనుమానించింది పేషెంట్‌ని.

ఈ కేసు రాయడానికి ఒక కారణం ఉంది. రెండో విడత అలైనర్లకి కూడా నేను అదే కంపెనీ ప్లాస్టిక్ షీట్, అదే 0.75 మి.మీ. మందం, అదే మెషీన్ వాడాను, అలైనర్ మార్చే గడువు కూడా అదే పది రోజులు. మార్చింది డిజైన్‌నే: అంచు ఎక్కడ కోయాలి, అటాచ్‌మెంట్ ఏ ఆకారంలో ఎక్కడ ఉండాలి, ఏ పన్ను ఎప్పుడు ఎంత కదలాలి. అంతకుముందు కదలని పళ్లు కదిలాయి. పంటి మీద పడే బలం విషయంలో షీట్ పేరు కంటే ఆకారం ముందొస్తుందని నాకు అంత స్పష్టంగా చూపించిన కేసు ఇంకోటి లేదు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

మొదటి ప్లాన్

వయసు 27. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నాయి, ఎక్స్‌రేలో పళ్ల వేర్ల పొడవు మామూలుగానే ఉంది, దవడ పళ్ల కలయిక రెండువైపులా క్లాస్ 1, అంటే ఉండాల్సినట్టే ఉంది. పై కుడి చిన్న పన్ను (మా నంబర్లలో 12) అంగిలి వైపు పడిపోయి, నోరు మూస్తే కింది పళ్ల వెనక్కి వెళ్తుంది, అంటే క్రాస్‌బైట్. కింది ఎడమ రెండో ప్రీమోలార్ (35) తన ఇరుసు మీద 32 డిగ్రీలు తిరిగి ఉంది, దాని ముందు అంచు నాలుక వైపు వెళ్లిపోయింది. కింది ముందు పళ్లలో 4 మి.మీ. ఇరుకు, పై ముందు పళ్లు కింది వాటిని సగానికి పైగా కప్పేస్తున్నాయి. కష్టమైన కేసని అనిపించలేదు, అక్కడే నేను కాస్త తేలిగ్గా తీసుకున్నాను.

మొదటి విడతకి 20 అలైనర్లు వేశాను. ఒక్కో అలైనర్‌కి గరిష్ఠంగా 0.25 మి.మీ. కదలిక, 2 డిగ్రీల తిప్పుడు, ఇది చాలామంది వాడే లెక్కే. అంచు చిగురు వంపు వెంటే అలల్లా కోశాం, చూడడానికి అందంగా ఉంటుంది, చిగురుకి గుచ్చుకోదు. 35 మీద చెంప వైపు ఒక చిన్న గుడ్డు ఆకారపు అటాచ్‌మెంట్. 12 మీద ఏమీ లేదు, ముందు పన్ను మీద మచ్చలా కనిపిస్తుందేమోనని ఆమె అడిగారు, నేను సరే అన్నాను. వెనక దవడ పళ్ల మీద కూడా ఏమీ పెట్టలేదు, వాటిని కదపడం లేదు కదా అని. పళ్ల మధ్య అరగదీసే పని, అంటే ఐపీఆర్, ఆరో అలైనర్ దగ్గర చేద్దామని పెట్టుకున్నాను. ఈ నిర్ణయాల్లో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్ద తప్పులా ఉండదు.

ట్రాకింగ్ పోయిన రోజు మళ్లీ స్కాన్ తీసి, ప్లాన్‌లో ఎనిమిదో దశ మోడల్ మీద పెట్టి చూశాను. 35 అప్పటికి 16 డిగ్రీలు తిరగాలి, తిరిగింది సుమారు 5. 12 ముందుకి 2 మి.మీ. రావాలి, వచ్చింది 1.2 మి.మీ. దానికి తోడు ఆ పన్ను అర మి.మీ. మేర పైకి, ఎముకలోకి దిగింది. దిగమని ప్లాన్‌లో నేనెక్కడా చెప్పలేదు. ముందు కనిపించిన ఖాళీలో దాదాపు సగం దాని వల్లే.

సాఫ్ట్‌వేర్‌లో కదిలేది పన్ను కాదు

ఇక్కడ కాసేపు ఆగి అసలు విషయం చెప్పాలి, ఎందుకంటే అలైనర్లు కొత్తగా మొదలుపెట్టిన డాక్టర్లు, చదివి తెలుసుకునే పేషెంట్లు ఇద్దరూ ఇక్కడే పొరబడతారు. స్క్రీన్ మీద మనం పన్నుని 0.25 మి.మీ. జరుపుతాం. మనం నిజంగా చేసింది, ప్లాస్టిక్ అచ్చులో ఆ పన్ను గూడుని 0.25 మి.మీ. పక్కకి జరపడం, అంతే. అలైనర్ నోట్లో పెట్టినప్పుడు పన్ను పాత చోటే ఉంటుంది, గూడు కొత్త చోట ఉంటుంది, ఆ తేడాని సర్దుకోవడానికి ప్లాస్టిక్ వంగుతుంది, వంగిన ప్లాస్టిక్ వెనక్కి రావాలని చూసే ప్రయత్నమే బలం. ఆ బలం ఎంత, ఎటువైపు, పంటి మీద ఏ చోట అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. ప్లాస్టిక్ ఎక్కడ వంగింది, ఎక్కడ వంగలేదు, ఎక్కడ జారింది అన్నదాన్ని బట్టి అది తేలుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1945 నాటికే కెస్లింగ్ అనే డాక్టర్ మైనపు మోడల్ మీద పళ్లని కావలసిన చోట అమర్చి, దాని మీద రబ్బరు పొజిషనర్ చేసి, చికిత్స చివర్లో చిన్న చిన్న కదలికలకి వాడారు. ఇప్పుడు మైనం బదులు స్కాన్, రబ్బరు బదులు పల్చటి ప్లాస్టిక్, ఒకటి బదులు ఇరవై వచ్చాయి. బలం పుట్టే పద్ధతి మాత్రం అదే.

పంటి వేరుకీ ఎముకకీ మధ్య ఉండే లిగమెంట్ మందం సుమారు 0.2 నుంచి 0.25 మి.మీ. మాత్రమే. అందుకే ఒక్కో అలైనర్‌కి 0.25 మి.మీ. అనే లెక్క పెట్టుకున్నారు, అంతకంటే ఎక్కువైతే లిగమెంట్ మరీ నలిగిపోవచ్చు, రక్తప్రసరణ ఆగి పన్ను కొన్ని రోజులు కదలకుండా మొండికేయవచ్చు. మేము చదువుకున్న లెక్కల్లో పన్నుని వంచడానికి 35 నుంచి 60 గ్రాముల బలం చాలు, తిప్పడానికీ అంతే, మొత్తం పన్నుని వేరుతో సహా జరపాలంటే 70 నుంచి 120, ఎముకలోకి దించడానికైతే 10 నుంచి 20 గ్రాములే. అలైనర్ కొత్తగా పెట్టిన నిమిషంలో ఉండే బలం తరచుగా దీనికి కొన్ని రెట్లు ఉంటుంది, కానీ నోటి వేడికీ తేమకీ ప్లాస్టిక్ సడలి మొదటి గంటల్లోనే బాగా తగ్గిపోతుంది. తీగతో చేసే చికిత్సలో ఇంత వేగంగా తగ్గడం చూడం. అంటే ఒక్కో అలైనర్ మొదట గట్టిగా నెట్టి, తర్వాత మెల్లగా సడలిపోయే స్ప్రింగ్ లాంటిది. ఆ మొదటి రోజు నెట్టుడు సరైన చోట పడకపోతే మిగతా తొమ్మిది రోజులు దాన్ని సరిచేయలేవు.

మందం గురించి ఒక మాట. షీట్ మందం పెరిగితే వంగడానికి చూపించే బిరుసు మందం ఘనం లెక్కన పెరుగుతుంది, చదును పట్టీకి ఇది కచ్చితంగా వర్తిస్తుంది. 0.5 నుంచి 0.75కి వెళ్తే మూడు రెట్లకి పైనే. అలైనర్ చదును పట్టీ కాదు కాబట్టి నోట్లో లెక్క అంత సూటిగా ఉండదు, కానీ దిశ అదే. ఇంకో చిక్కు, మనం కొన్న 0.75 నోట్లో 0.75గా ఉండదు. షీట్‌ని వేడి చేసి మోడల్ మీదకి లాగినప్పుడు అది సాగి పల్చబడుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. ఎనిమిదో అలైనర్‌ని కోసి గేజ్‌తో కొలిచాను: దవడ పళ్ల పైభాగంలో 0.65 దగ్గర, 12 పెదవి వైపు చిగురు దగ్గర 0.5 లోపు. అంటే నాకు పట్టు కావలసిన చోటే అది అన్నిటికంటే పల్చగా ఉంది.

దానికి తోడు ఆ చోటే అంచు కూడా. కాగితం కప్పుని అడుగు దగ్గర నొక్కండి, గట్టిగా ఉంటుంది. మూతి దగ్గర నొక్కండి, లొంగిపోతుంది. అలైనర్ కూడా అంతే, పళ్ల కొరికే అంచు దగ్గర మూసుకుని ఉంటుంది కాబట్టి బిరుసు, చిగురు దగ్గర తెరుచుకుని ఉంటుంది కాబట్టి మెత్తన. ఇక ఆ తెరిచిన అంచుని అలల్లా కోస్తే ప్రతి పన్ను దగ్గరా చిగురు పక్కనున్న కొంత ప్లాస్టిక్ పోతుంది, మూతి ఇంకా లొంగుతుంది. అంచుని చిగురు మీదుగా దాదాపు 2 మి.మీ. దాటించి నేరుగా కోస్తే అలైనర్ పట్టు బాగా పెరుగుతుందని పరీక్షల్లో తేలిన విషయమే, నేను చదివిందే. అందం కోసం, చిగురు సుఖం కోసం పక్కన పెట్టాను.

సిలికాన్ చూపించినది

కారణాలు ఊహించడం కంటే చూడడం మేలు అనిపించి ఒక చిన్న పని చేశాం. పంటి క్యాప్ సరిగ్గా కూర్చుందో లేదో చూడడానికి వాడే పల్చటి సిలికాన్‌ని ఎనిమిదో అలైనర్ లోపల రాసి ఆమె నోట్లో పెట్టి, గట్టిపడ్డాక తీసి చూశాం. సిలికాన్ చిరిగి ప్లాస్టిక్ బయటపడ్డ చోట పన్ను గట్టిగా ఆనుతోందని అర్థం, మందంగా మిగిలిన చోట అసలు తగలడం లేదని అర్థం. పది నిమిషాల పని, ఖర్చు దాదాపు ఏమీ లేదు, ట్రాకింగ్ పోయిన ఏ కేసులోనైనా కొత్త స్కాన్ కంటే ముందు దీన్ని చేయమని నేను ఇప్పుడు గట్టిగా చెబుతాను.

12 దగ్గర ప్లాస్టిక్ ఆనింది ఒకే చోట, పన్ను వెనక అంగిలి వైపున్న వాలు మీద. పెదవి వైపు మొత్తం మందపాటి సిలికాన్ పొర. ఆ వాలుని చూస్తే కథ అర్థమవుతుంది. వెనక నుంచి ముందుకి నెడదామని మనం అనుకున్నాం, కానీ వాలుగా ఉన్న తలం మీద నెడితే బలం ఆ తలానికి లంబంగానే పడుతుంది, అందులో కొంత భాగం ముందుకి, కొంత భాగం పైకి. పైకి వెళ్లకుండా ఆపే పట్టు ఏదీ లేదు, ఆ పన్ను చిన్నది, సూదిగా ఉంది, అటాచ్‌మెంట్ లేదు, రెండు పక్కలా పళ్లు బిగించి పట్టుకున్నాయి. రెండు వేళ్ల మధ్య తడి గింజని నొక్కితే ఎలా జారి ఎగురుతుందో అలా పన్ను గూట్లోంచి పైకి జారింది. ఆ పన్ను ఒకసారి ఖాళీ వదిలాక తర్వాతి ప్రతి అలైనర్‌లో ఆ వాలు మీద ఆనే చోటు ఇంకా కిందికి జరుగుతుంది, జారడం ఇంకా పెరుగుతుంది. ఐపీఆర్ ఆరో అలైనర్ దాకా వాయిదా వేయడం వల్ల మొదటి అయిదు అలైనర్లు పన్నుని ఖాళీ లేని సందులోకి నెట్టాయి, అది నా ప్లాన్‌లో అన్నిటికంటే పెద్ద తప్పు.

35 దగ్గర కూడా ఒకే మచ్చ, చెంప వైపు అటాచ్‌మెంట్ ఒక మూల మీద. గుండ్రటి పన్నుని తిప్పాలంటే రెండు వ్యతిరేక దిశల్లో, రెండు వేర్వేరు చోట్ల బలం పడాలి, ఫిజిక్స్‌లో బలయుగ్మం అని చదువుకున్నదే. బల్ల మీద గిన్నెని ఒక వేలితో ఒక పక్కే తోస్తే తిరగడం కంటే పక్కకి జరిగిపోతుంది, తిప్పాలంటే రెండు వేళ్లు రెండు పక్కలా వేయాలి. నట్‌కి ఆరు ముఖాలున్నాయి కాబట్టి పానా పట్టుకుంటుంది, ప్రీమోలార్‌కి అలాంటి ముఖాలు లేవు, ఆ ముఖాన్ని మనమే అటాచ్‌మెంట్ రూపంలో ఇవ్వాలి. నేను ఇచ్చింది గుడ్డు ఆకారం, చదునైన ముఖం లేనిది, అదీ చిగురు అంచుకి దగ్గరగా, అంటే ప్లాస్టిక్ అన్నిటికంటే మెత్తగా ఉండే చోట. ఒక్క మూల మీద పడ్డ బలం పన్నుని కొంచెం తిప్పింది, కొంచెం నాలుక వైపు తోసింది, మిగతాదంతా ప్లాస్టిక్ వెడల్పుగా తెరుచుకోవడంలోనే పోయింది.

ఇక ఆ టక్కుమనే శబ్దం. ముందు పళ్ల దగ్గర ఇరుకు విప్పుతూ, కింది ముందు పళ్లని కాస్త కిందికి దించుతూ ఉంటే ప్రతిచర్య వెనక పళ్ల మీద పడుతుంది, అలైనర్ ముందు కిందికి నొక్కితే వెనక పైకి లేవాలని చూస్తుంది. వెనక పళ్లకి అటాచ్‌మెంట్లు లేవు, అంచు అలల్లా కోసి ఉంది, పట్టు లేదు. లేచింది, ఆమె కొరికినప్పుడు మళ్లీ టక్కుమని కూర్చుంది. రోజంతా ఇలా లేస్తూ కూర్చుంటూ ఉంటే ముందు పళ్ల మీద దించే బలం నిలకడగా ఎక్కడుంటుంది? కదలని పళ్లకి అటాచ్‌మెంట్ ఎందుకని అనుకున్నాను కదా, కదలకుండా ఉండడమే వాటి పని, ఆ పని చేయాలంటే అలైనర్ వాటిని పట్టుకోవాలి.

2009లో వచ్చిన ఒక పరిశోధనలో అలైనర్ సాఫ్ట్‌వేర్ చూపిన కదలికలో సగటున 41 శాతమే నోట్లో నిజమైందని తేలింది, 2020లో మళ్లీ చేస్తే అది 50 శాతానికి వచ్చింది. ఈ అంకెలు చూసి అలైనర్లు పని చేయవని కొందరు తేల్చేస్తారు, నాకు అలా అనిపించదు. ఆ మిగతా సగం ఎక్కడికో మాయమైపోలేదు, మా కేసులో లాగే ప్లాస్టిక్ వంగడంలో, జారడంలో, లేవడంలో పోయింది, పోయిన చోటు తెలిస్తే కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు.

మార్చినవి

ఆమెతో కూర్చుని సిలికాన్ చూపించి మొత్తం చెప్పాను. ముందు పన్ను మీద అటాచ్‌మెంట్ ఎందుకు తప్పదో కూడా చెప్పాను. ఆమె ఆ సిలికాన్ ముక్కని వెలుతురులో పెట్టి చూసి, "మొదటే ఇది చూపించి ఉంటే అప్పుడే ఒప్పుకునేదాన్ని కదండీ" అన్నారు. నిజమే, నేను అడిగిన తీరులోనే లోపం ఉంది.

ముందుగా 12కి రెండువైపులా కలిపి 0.5 మి.మీ. అరగదీశాం, పక్క పళ్ల దగ్గర ఇంకొంచెం, కింది ముందు పళ్లలో కూడా అవసరమైనంత, ఇదంతా కొత్త స్కాన్‌కి ముందే. కొత్త అలైనర్ మొదటి రోజు నుంచే పన్నుకి దారి ఉండాలి. ఫ్లాస్ తేలిగ్గా దిగుతోందా అని ప్రతి సారీ చూశాం, స్క్రీన్ మీద ఖాళీ ఉండి నోట్లో లేకపోతే బలమంతా పక్క పన్నుకి పోతుంది.

12 మీద పెదవి వైపు అడ్డంగా ఒక దీర్ఘచతురస్రపు అటాచ్‌మెంట్, చిగురు వైపు ముఖం చదునుగా ఉండేలా. ఆ ముఖం మీద ప్లాస్టిక్ ఆనుకుంటే పన్ను పైకి జారకుండా ఆగుతుంది, తర్వాత దాన్నే కిందికి లాగడానికీ పనికొస్తుంది. మొదటి అయిదు అలైనర్లలో 12కి ముందుకి కదలిక ఇవ్వనేలేదు, పైకి పోయిన అర మి.మీ.ని అలైనర్‌కి 0.1 చొప్పున కిందికి తెచ్చాం. ఆ తర్వాతే ముందుకి, అదీ 0.15 మి.మీ. చొప్పున. క్రాస్‌బైట్ దాటేటప్పుడు కింది పళ్లు అడ్డం రాలేదు, రెండు దవడల అలైనర్ల మందం వల్ల కొరుకు కాస్త తెరుచుకునే ఉంటుంది కాబట్టి.

35కి చెంప వైపు నిలువుగా 3 మి.మీ. పొడవు, 1 మి.మీ. మందం ఉన్న దీర్ఘచతురస్రపు అటాచ్‌మెంట్, నాలుక వైపు ఇంకొకటి. చిగురు అంచుకి దూరంగా, పంటి మధ్యలోకి జరిపాం. మిగిలింది 27 డిగ్రీలు, వెనక్కి తిరిగే గుణం ఉంటుంది కాబట్టి 3 డిగ్రీలు అదనంగా కలిపి 30, అలైనర్‌కి 1.5 డిగ్రీల చొప్పున 20 అలైనర్లు. తిప్పే ముందు రెండు పక్కలా 0.1 మి.మీ. సందు ఉండేలా చూశాం, పక్క పళ్లకి రాసుకుంటూ గుండ్రటి పన్ను తిరగదు. అటాచ్‌మెంట్ అతికించేటప్పుడు కాంపోజిట్‌లో (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) గాలి బుడగ లేకుండా, అంచుల చుట్టూ అంటుకున్న అదనపు పొర మొత్తం తీసేసేలా ఈసారి నేనే దగ్గరుండి చూశాను. స్క్రీన్ మీద ఎంత పదునైన ముఖం గీసినా, పంటి మీద మూల గుండ్రబడితే ఆ ముఖం లేనట్టే.

వెనక రెండు ప్రీమోలార్లు, మొదటి దవడ పళ్ల మీద అడ్డంగా అటాచ్‌మెంట్లు, పట్టు కోసం. కింది ముందు పళ్లని దించడం ఒకేసారి కాకుండా ముందు కోరపళ్లు, తర్వాత నాలుగు ముందు పళ్లు. ఆరు పళ్లని ఒకేసారి దించితే వెనక మీద పడే ప్రతిచర్య కూడా ఒకేసారి పడుతుంది. విడివిడిగా దించితే ఏ దశలోనూ అంత భారం ఉండదు.

అంచుని చిగురు దాటి 2 మి.మీ. నేరుగా కోశాం, పెదవి లోపలి మడతల దగ్గర మాత్రం వదిలేసి. అంచు సరిగ్గా నునుపు చేయకపోతే ఈ డిజైన్ పేషెంట్‌కి నరకం అవుతుంది, అందుకే ల్యాబ్‌లో ఒక్కో అలైనర్ మీద అదనంగా సమయం పెట్టాం.

1 మి.మీ. షీట్‌కి మారదామని కూడా ఆలోచించాను, తోటి డాక్టర్ ఒకరు అదే సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. పన్ను జారిపోతున్న ఆకారంలోనే మందం పెంచితే జారే బలం కూడా పెరుగుతుంది. పన్ను కదలడం లేదంటే ఎక్కువ బలం కావాలని మనకి వెంటనే అనిపిస్తుంది, ఈ కేసులో మాత్రం బలానికి కొదవ లేదు, అది వేరే చోట పడుతోంది. మార్పులన్నీ ఒకేసారి చేశాను కాబట్టి ఏది ఎంత పని చేసిందో ఈ ఒక్క కేసు నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు. 35 విషయంలో అటాచ్‌మెంట్‌కీ, 12 విషయంలో ముందుగా చేసిన ఐపీఆర్‌కీ నేను ఎక్కువ మార్కులు వేస్తాను, ఇది నా అంచనా.

తర్వాత

రెండో విడత ఆరో అలైనర్ దగ్గర మళ్లీ సిలికాన్ పరీక్ష చేశాం. 35 మీద ఈసారి రెండు మచ్చలు, చెంప వైపు ఒకటి, నాలుక వైపు దానికి ఎదురు మూలలో ఒకటి. ఆ రెండు మచ్చల్ని చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. 12 అంచు దగ్గర సిలికాన్ పల్చటి పొరగా వచ్చింది, అంటే పన్ను గూట్లో పూర్తిగా కూర్చుంటోంది. వెనక శబ్దం మొదటి వారం తర్వాత వినలేదని ఆమే చెప్పారు.

ఇబ్బందులూ వచ్చాయి. కింది దవడ నాలుక వైపు అంచు ఒక చోట గుచ్చుకుని పుండు పడింది, అక్కడ అర మి.మీ. తీశాం. పట్టు పెరిగితే తీయడం కష్టమవుతుంది, మొదటి రెండు రోజులు గోళ్లతో తీయలేక టెన్షన్ పడ్డారు, తీసే చిన్న కొక్కెం ఇచ్చాక, వెనక దవడ పన్ను లోపలి వైపు నుంచి మొదలుపెట్టడం నేర్చుకున్నాక సర్దుకుంది. మూడో నెలలో 12 అటాచ్‌మెంట్ ఊడింది. ఆమె ఫోన్ చేసి, "తర్వాతి అలైనర్‌కి మారనా?" అని అడిగారు, వద్దు, వచ్చేవరకు అదే పెట్టుకోండి అన్నాను. రెండు రోజుల్లో మళ్లీ అతికించాం. అటాచ్‌మెంట్ లేకుండా ముందుకు వెళ్లి ఉంటే ఆ పన్ను మళ్లీ జారేది.

20 అలైనర్లు, 200 రోజులు అయ్యాక స్కాన్ తీశాం. 35లో మొదటి 32 డిగ్రీల్లో 4 డిగ్రీలే మిగిలింది. 12 వరుసలోకి వచ్చింది, క్రాస్‌బైట్ పోయింది, కొరుకు లోతు తగ్గింది. కానీ 12 పైభాగం ముందుకి వచ్చినంతగా వేరు రాలేదు, వేలితో తడిమితే చిగురు మీద పక్క పళ్ల వేర్లు ఉబ్బుగా తెలుస్తాయి, ఇక్కడ మాత్రం పల్లంగా ఉంటుంది. వేరుని కదపడం అలైనర్‌కి అన్నిటికంటే కష్టమైన పని. ప్రతి పంటికీ ఒక నిరోధ కేంద్రం ఉంటుంది, బలం దాని గుండా వెళ్తేనే పన్ను వంగకుండా మొత్తంగా జరుగుతుంది, ఆ కేంద్రం ఎముక లోపల వేరు మీద ఉంటుంది, మనం నెట్టేదేమో బయట కనిపించే భాగాన్ని. వేరు కూడా రావాలంటే చిగురు దగ్గర ఒక దిశలో, కొరికే అంచు దగ్గర ఎదురు దిశలో బలం పడి, వాటి మధ్య దూరం ఉండాలి. చిగురు దగ్గర బలం ఇవ్వాల్సింది మళ్లీ ఆ మెత్తటి అంచే.

అందుకని ఇంకో 6 అలైనర్లు వేశాం. 12 వెనక అంగిలి వైపు చిగురు దగ్గర అలైనర్‌లోనే లోపలికి చొచ్చుకునే ఒక గాడి ఇచ్చాం, పెదవి వైపు కొరికే అంచు దగ్గర ప్లాస్టిక్ దగ్గరగా ఆనేలా ఉంచాం. గాడి ప్లాస్టిక్‌ని మడత పెట్టినట్టు చేస్తుంది కాబట్టి ఆ చోట బిరుసు పెరుగుతుంది, మడిచిన కాగితం నిలబడినట్టు. కావలసిన టార్క్ (వేరుని వంచే తిప్పుడు) కంటే ప్లాన్‌లో ఎక్కువ రాశాం, ఎంతో కొంత పోతుందని తెలిసే. చివరికి వేరు కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు. తీగ వేసి కొన్ని నెలల్లో పూర్తి చేయవచ్చని ఆమెకి చెప్పాను, చిగురు, ఎముక ఆరోగ్యంగా ఉన్నాయి, నవ్వితే తేడా తెలియడం లేదు, ఆమె ఇక చాలనుకున్నారు. నాకూ అది సరైన నిర్ణయమే అనిపించింది.

అలైనర్లు ఆపిన రోజు వెనక దవడ పళ్లు తేలిగ్గా మాత్రమే తగులుతున్నాయి, ఏడాది పాటు మధ్యలో ప్లాస్టిక్ ఉండడం వల్ల ఇది చాలామందిలో చూస్తాం. రిటైనర్లు, అంటే సర్దుకున్న పళ్లు మళ్లీ కదలకుండా పెట్టుకునే తొడుగులు, రాత్రి మాత్రమే ఇచ్చాం, ఆరు వారాల్లో ఆ పళ్లు వాటంతట అవే కలిశాయి. తిప్పిన పన్ను చుట్టూ చిగురులోని నారలు చాలాకాలం దాన్ని వెనక్కి లాగుతాయి కాబట్టి 35 నాలుక వైపు పక్క పళ్లతో కలిపి సన్నటి తీగ అతికించాం. రిటైనర్ అంచు మాత్రం ఈసారి అలల్లా కోయించాను, పళ్లని ఉన్నచోట ఉంచడానికి అంత పట్టు అక్కర్లేదు, ఆమె రోజూ రాత్రి ఇబ్బంది లేకుండా పెట్టుకోవడం అంతకంటే ముఖ్యం.

ఆరు నెలల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు 35ని మళ్లీ కొలిచాం. ఒక డిగ్రీ వెనక్కి తిరిగింది, తీగ గట్టిగానే ఉంది. కేసు షీట్‌లో పేషెంట్లు ఏం చెప్పారో వాళ్ల మాటల్లోనే రాసే ఒక గడి ఇప్పుడు మా దగ్గర విడిగా ఉంది, ఆ రోజు అందులో, "రాత్రి రిటైనర్ పెట్టుకోగానే ఎడమవైపు పది నిమిషాలు బిగుతుగా ఉంటోంది" అని రాశాను. రిటైనర్‌లో సిలికాన్ రాసి చూశాం.